హ్యూమిడార్ తర్వాత, ముందు ఒక డబ్బా కొనుక్కోండి

ప్రతి ఏడాదీ బ్లాక్ ఫ్రైడే సేల్ దగ్గర పడుతోందంటే చాలు, నా వాట్సాప్‌లో ఒకటే రకం మెసేజ్‌లు. "అన్నా, సిగార్లు మొదలుపెడదామనుకుంటున్నా, మంచి హ్యూమిడార్ ఒకటి చెప్పు" అని, కింద ఒక లింకు. హ్యూమిడార్ అంటే సిగార్లు ఎండిపోకుండా దాచే పెట్టె. నల్లగా నిగనిగలాడే చెక్కపెట్టె, అద్దం మూత, ముందువైపు తేమ చూపించే బంగారు రంగు ముల్లు మీటరు, ఫ్రీగా సిగార్ కొస కోసే కట్టరు, యాష్‌ట్రే, పైగా 100 సిగార్లు పడతాయని హామీ. తీరా అడిగితే ఈయన ఇప్పటిదాకా కాల్చింది ఎవరి బ్యాక్‌యార్డ్ పార్టీలోనో సగంలో వదిలేసిన ఒక్కటి.

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ పెట్టెలు ఈమధ్య ఎక్కువైపోయాయి. బార్ కౌంటర్ మీద, విస్కీ సీసాల పక్కన, లైటు పడేలా పెడతారు. మూత తీసి ఒకటి చేతిలోకి తీసుకుని కాస్త నొక్కితే అప్పడంలా పుటుక్కుమంటుంది. మీటరు మాత్రం హాయిగా 70 దగ్గరే నిలబడి ఉంటుంది.

కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తున్నా. ఆ పెట్టె కొనకండి. వంటింటి సామాన్లలో రబ్బరు అంచుతో, నాలుగు వైపులా క్లిప్పులు పడే ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతాయి కదా, అలాంటిది ఒకటి కొత్తది కొనండి (ఇంట్లో ఉన్న పాతది వద్దు, ఇంగువ వాసన ఏం చేసినా పోదు). అందులో తేమని సరిగ్గా ఉంచే బొవేడా ప్యాకెట్ ఒకటి పడేయండి. అయిపోయింది. "ఇదేంటన్నా, రవ్వ పోసుకునే డబ్బాలా ఉంది" అంటారు. అవును, రవ్వ డబ్బానే. సిగార్‌కి ఆ సంగతి తెలీదు.

హ్యూమిడార్ చేయాల్సిన పని నిజానికి ఒకటే. లోపలి గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య కదలకుండా ఉంచడం. పొగాకు ఆకు గాలిలోని తేమని పీలుస్తుంది, గాలి పొడిగా ఉంటే ఉన్నది వదిలేస్తుంది. ఎండిపోతే పైన చుట్టిన ఆకు పగిలి, వేడిగా, చేదుగా, గబగబా కాలిపోతుంది. తేమ ఎక్కువైతే దమ్ము లాగలేరు, పదే పదే ఆరిపోతుంది, చివరికి బూజు పడుతుంది. ఈ పనికి కావలసింది గాలి చొరబడని మూత. చవక చెక్కపెట్టెలో సరిగ్గా అదే ఉండదు. అద్దం అతికించిన చోట సందు, మూత కూర్చునే చోట సందు, అన్నీ సందులే.

పైగా కొత్త చెక్క తనే తేమ తాగేస్తుంది. అందుకే ముందు పెట్టెకి సీజనింగ్ చేయాలి, అంటే సిగార్లు పెట్టకుండా 84 శాతం తేమ ఇచ్చే ప్యాకెట్లు వేసి మూత పెట్టి రెండు వారాలు వదిలేయాలి. సేల్‌లో కొన్న ఉత్సాహంలో ఉన్నవాడు రెండు వారాలు ఆగుతాడా? ఆ సాయంత్రమే నింపేస్తాడు. చెక్క ఆ సిగార్లలోని తేమని లాగేస్తుంది. లోపల వేసే చెక్కని స్పానిష్ సెడార్ అంటారు, కానీ అది స్పెయిన్‌దీ కాదు, సెడారూ కాదు, అమెరికా ఖండపు ఉష్ణమండలాల్లో పెరిగే చెట్టు. మన వేపచెట్టు కుటుంబమే. వాసన బాగుంటుంది, తేమని బాగా పట్టి ఉంచుతుంది, ఒప్పుకుంటా. అది ఉంటే పురుగు రాదని మాత్రం నిశ్చింతగా కూర్చోకండి.

ఆ ముల్లు మీటరు గురించి ఇంకేం చెప్పను. అది అలంకారం. పది పాయింట్లు అటూ ఇటూ చూపించినా ఆశ్చర్యం లేదు. చిన్న డిజిటల్ మీటరు కొనుక్కుని, దాన్నీ ఒకసారి పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని నీటి చుక్కలు వేసి, ఉప్పు కరగకుండా తడిగా అయ్యేలా చూసి, మీటరుతో పాటు జిప్‌లాక్ కవర్లో రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. 71 చూపిస్తే అది నాలుగు తక్కువ చెప్తోందని లెక్క.

బొవేడా అంటే ఏం లేదు, ఉప్పు ద్రావణం నింపిన సంచీ. తేమ తగ్గితే ఇస్తుంది, ఎక్కువైతే తీసుకుంటుంది. పాతికదాకా సిగార్లకి 60 గ్రాములది ఒకటి చాలు. బిగుతైన డబ్బాకి 65 లేదా 69 శాతానిది తీసుకోండి, నా ఓటు 65కే. గట్టిపడిందంటే మార్చేయాలి. పెట్టెతో వచ్చే ఆకుపచ్చ స్పాంజి ఉంటుంది చూడండి, అది తేమ ఇవ్వడమే తప్ప తీసుకోదు, పైగా పంపు నీళ్ళు పోస్తే బూజు పట్టే అవకాశం కూడా ఉంది. దాన్ని చెత్తలో వేయండి.

ఇక హైదరాబాద్ నుంచీ వైజాగ్ నుంచీ అడిగేవాళ్ళకి. మీ సమస్య మా సమస్య కాదు. మాకు ఏసీ, హీటరు కలిసి ఇంట్లో గాలిని ఎండగడతాయి. వైజాగ్‌లో వానాకాలం బయటి గాలే 80 దాటి ఉంటుంది, అక్కడ డబ్బా తేమని లోపలికి రానివ్వకుండా ఆపాలి. స్పాంజి పెట్టారా, పులి మీద పుట్రే. మన ఎండల్లో ఇంకో సంగతి, వేడి. పొగాకు పురుగు గుడ్లు ఆకులో కంటికి కనపడకుండా ఉండొచ్చు, పాతిక డిగ్రీలు దాటిందంటే ప్రమాదం మొదలైనట్టే, 30 దగ్గర దానికి పండగ. పైన గుండుసూది గుచ్చినట్టు చిన్న చిల్లు కనిపిస్తే పురుగు వచ్చినట్టే. మే నెల హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో పెట్టుకునేవాళ్ళు దీని గురించే టెన్షన్ పడాలి. కొన్నవాటిని రెండు జిప్‌లాక్‌లలో వేసి ఒక రోజు ఫ్రిజ్, మూడు రోజులు ఫ్రీజర్, మళ్ళీ ఒక రోజు ఫ్రిజ్, తర్వాతే డబ్బాలోకి. చల్లబరచడం, మళ్ళీ మామూలుకి తేవడం మెల్లగా జరగాలి, లేకపోతే పై ఆకు పగులుతుంది. ఇంట్లో అమ్మకి ముందే చెప్పి పెట్టండి, కరివేపాకు పక్కన అవేంటని గొడవ రాకుండా.

డబ్బా సంగతి అయింది, అందులో ఏం పెట్టాలి? బాక్సులు కొనొద్దు. షాపుకెళ్ళి విడిగా మూడో నాలుగో తీసుకోండి. పై ఆకు కనెక్టికట్ అని అడగండి, లేత గోధుమ రంగులో ఉంటుంది, ఘాటు తక్కువ. మాకనుడో కెఫేని చూసి పాతకాపులు నవ్వుతారు, నవ్వనివ్వండి, మొదటి సిగార్‌గా దానికి వంక పెట్టలేం. ఒలీవా కనెక్టికట్ రిజర్వ్ కూడా అంతే. ఇక సైజు, రోబస్టో అంటే 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్, అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 50 భాగాల మందం. అది ముప్పావుగంట పైనే కాలుతుంది. కొత్తవాళ్ళు ఇంకా చిన్నది తీసుకుంటే మేలు.

క్యూబన్ పిచ్చి గురించి కూడా చెప్పాలి. 1962లో కెనడీ క్యూబా మీద వాణిజ్య నిషేధం పెట్టేముందు తన ప్రెస్ సెక్రటరీతో 1200 అప్‌మన్ అనే క్యూబన్ సిగార్లు తెప్పించుకున్నాడని ఆ సెక్రటరీయే తర్వాత చెప్పాడు. ఆ కథ వినీ వినీ అందరికీ క్యూబన్ అంటే అమృతం అనిపించింది. అమెరికాలో ఉన్నవాళ్ళు 2020 సెప్టెంబర్ నుంచి సొంతానికైనా బ్యాగులో వేసుకుని తేకూడదు. ఇక బీచ్ రిసార్టులో ఎవడో అద్దం మూత పెట్టెలో క్యూబా వాళ్ళ కోహిబా అని అమ్ముతున్నాడంటే అది నకిలీ, ఆలోచించక్కర్లేదు. క్యూబా వదిలి వచ్చిన కుటుంబాలే నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్, హోండురస్‌లలో అరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాయి. పద్రోన్ వాళ్ళు 1964లో మయామీలో మొదలుపెట్టారు, వాళ్ళ నికరాగువా సిగార్ ఒకటి కాల్చాక క్యూబన్ కోసం ఎవరైనా ఎందుకు మోసపోతారో నాకర్థం కాదు.

కాల్చడం పెద్ద విద్యేం కాదు. తల దగ్గర టోపీలా అతికించిన చిన్న ముక్కలో కొంచెమే కోయాలి, కిందికి కోస్తే చుట్టంతా విప్పుకుంటుంది. గ్యాస్ లైటరే వాడండి, పెట్రోలు వాసన లైటరు వద్దు. నిమిషానికో దమ్ము, పొగ లోపలికి పీల్చకూడదు, నోట్లోనే ఉంచి వదిలేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీ కడుపుతో కూర్చోకండి. నికోటిన్ తలకెక్కితే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి, అప్పుడు ఏదైనా తియ్యటిది నోట్లో వేసుకుని ఆపేయండి.

పొగ పీల్చట్లేదు కాబట్టి ఏమీ కాదు అనే మాట మాత్రం నా దగ్గర అనొద్దు. నోరు, గొంతు ఎక్కడికి పోతాయి? శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) కాల్చే ఆడవాళ్ళకి అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. వాళ్ళు కాల్చేది చుట్ట, మనం కాల్చేది సిగార్, రెండూ ఆకు చుట్టిందే. గోదావరి లంక పొగాకు చుట్ట నోట్లో పెట్టుకుంటే మోటు అని, పాతిక డాలర్ల చుట్ట పెట్టుకుంటే స్టేటస్ అని మనమే అనుకున్నాం. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్ ప్యాకెట్ మొత్తంలో ఉన్నంత పొగాకు ఉండొచ్చు.

పెద్ద పెట్టె మీద నా అసలు కోపం ఇక్కడే. వంద పట్టే పెట్టెలో ఆరు సిగార్లు పెడితే చూడ్డానికి వెలితిగా ఉంటుంది, నింపాలనిపిస్తుంది. నింపాక కాల్చాలనిపిస్తుంది. నెలకొకటి చాలనుకున్నవాడు వారానికి రెండు దగ్గరికి వస్తాడు, రుచి తెలిసి కాదు, ఇంట్లో ఉన్నాయి కాబట్టి. డబ్బాలో పది పడితే పదే ఉంటాయి. అసలు ఇది మీకు నచ్చుతుందో లేదో తేలడానికి ఆ పదీ చాలు. నచ్చకపోతే డబ్బా బాగా కడిగి మేకులో, స్క్రూలో వేసుకోవచ్చు.

ఏడాది గడిచాక కూడా ఇష్టం మిగిలి, కొన్నిటిని నెలల తరబడి దాచాలనిపిస్తే అప్పుడు చెక్కపెట్టె చూడండి, అదీ అద్దం లేనిది. షాపులోనే మూత మధ్యలో నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వచ్చేసిందంటే వద్దు. చీకటి గదిలో ఫోన్ టార్చ్ వేసి లోపల పెట్టి మూత మూసి చూడండి, ఎక్కడైనా వెలుతురు గీత కనిపించిందంటే అది కూడా వద్దు. వంద అని రాసి ఉంటే అరవై డెబ్భై పడతాయనుకోండి, ఆ లెక్కలు సన్న సిగార్లతో వేసినవి.