జమాత్ అన్న మాట కనబడితే చాలు, ఫార్వర్డ్ కొట్టడమేనా?

ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది, మా ఫ్యామిలీ గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. తబ్లీగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార ఉద్యమం హిందువులను మతం మార్చడానికే పుట్టిందట, జమాతే ఇస్లామీకే అది ఇంకో పేరట, సౌదీ డబ్బుతో నడుస్తుందట, 2020లో కావాలనే కరోనా అంటించిందట.

మతమార్పిడి సంగతి ముందు చూద్దాం. తబ్లీగీలు తలుపు తట్టేది ముస్లింల ఇళ్లే. 1920ల్లో ఢిల్లీ పక్కనున్న మేవాత్ ప్రాంతంలో మౌలానా ఇలియాస్ దీన్ని మొదలుపెట్టిందే అక్కడి మేవ్ ముస్లింల కోసం. వాళ్లలో చాలామందికి హిందూ పేర్లుండేవి, హిందూ పండుగలూ చేసుకునేవాళ్లు, సరిగ్గా అప్పుడే ఆర్యసమాజం శుద్ధి పేరుతో అలాంటివాళ్లను హిందూమతంలోకి పిలుస్తోంది. ఇప్పటికీ పని అదే: మూడు రోజులకో, నలభై రోజుల చిల్లాకో బయల్దేరి, మసీదులో పడుకుని, గష్త్‌కి, అంటే ఇంటింటికీ వెళ్లి నమాజుకు రండి భాయ్ అని పిలవడం. పక్కింటి సుబ్బారావు గారి గుమ్మం ఎక్కరు. అసలు ఒత్తిడంతా ముస్లింల మీదే. పీర్ల పండుగలో ఊరి హిందువులతో కలిసి అలావా (నిప్పుల గుండం) చుట్టూ ఆడే మనిషికీ, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల కుటుంబానికీ, దర్గాలో మొక్కుకునే ముసలమ్మకీ 'ఇది మన దీన్ (మతం) కాదు' అని నూరిపోసేది ఈ ధోరణే. తిట్టాలంటే ఇక్కడ తిట్టండి, నేనూ గొంతు కలుపుతా.

జమాతే ఇస్లామీ వేరు. 1941లో లాహోర్‌లో మౌదూదీ పెట్టింది, దాని గోలంతా రాజ్యం, చట్టం. తబ్లీగీలు రాజకీయం ఎత్తితే మాట మార్చేస్తారు. జమాత్ అంటే ఉర్దూలో బృందం, అంతే.

సౌదీ డబ్బా? 2021 డిసెంబర్‌లో ఆ సౌదీ ప్రభుత్వమే, వీళ్లతో జాగ్రత్తని శుక్రవారం ప్రసంగాల్లో చెప్పమంది. ఇక్కడ తిరిగేవాళ్ల ఖర్చు మామూలుగా ఎవరిది వాళ్లదే.

కరోనా సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయను. ఢిల్లీ నిజాముద్దీన్‌లోని మర్కజ్‌లో, అంటే తబ్లీగీల కేంద్రంలో, జరిగిన సభకు వెళ్లొచ్చిన ఆరుగురు చనిపోయారని 2020 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వమే చెప్పింది, ఆ రోజుల్లో అంతమందిని ఒకచోట చేర్చడం మొండితనమే. కానీ కావాలని అంటించారా? ఆ ఆగస్టులోనే బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ సభకొచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని అంది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయుల మీదున్న 16 కేసులూ కొట్టేసింది.

మెసేజ్ పెట్టిన బాబాయికి ఈ రెండు తీర్పులూ పంపించా. నీలం టిక్కులు ఇంకా పడలేదు.