పట్టువస్త్రాల పళ్లెం గారికి

పళ్లెం గారూ, నమస్కారం. ఏటా శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియంలో మిమ్మల్ని టీవీలో చూస్తూనే ఉంటాం, తలపాగా చుట్టుకున్న సీఎం గారి నెత్తి మీదో, ఆయన రాకపోతే మంత్రి గారి నెత్తి మీదో మీరు, మీ మీద పట్టుబట్టలు ముత్యాల తలంబ్రాలు, వెనకాల తోసుకుంటూ ఎమ్మెల్యేలు. "ప్రభుత్వం తరఫున" అని యాంకర్ పదే పదే చెప్తుంటాడు. అంటే ట్యాక్స్ కట్టే నా తరఫునా, మా వీధి చివర పాస్టర్ గారి తరఫునా, అసలు దేవుడే లేడని వాదించే మా బాబాయ్ తరఫునా కూడా అన్నమాట. మా బాబాయ్‌కి ఈ విషయం ఇంకా చెప్పలేదు లెండి.

తానీషా కాలం నాటి ఆనవాయితీ అంటారు, సరే. మరి ఆ కథలో ముందు సగం మింగేస్తారేంటండీ? పాల్వంచ తహసీల్దార్ కంచర్ల గోపన్న సర్కారు శిస్తు డబ్బుతో గుడి కట్టాడనే కదా గోల్కొండ జైల్లో 12 ఏళ్లు పడేసింది! చివరికి రాముడే వచ్చి బాకీ కట్టి మరీ రసీదు తీసుకున్నాడంట. ఇప్పుడైతే గోపన్నని దేవాదాయ శాఖ కమిషనర్‌ని చేసేవాళ్లు.

2014లో రాష్ట్రం రెండైంది, అప్పులు ఆస్తులు పంచుకుంటూ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, భద్రాచలం తెలంగాణలో ఉండిపోయేసరికి ఆంధ్రా సర్కారుకి అధికారికంగా పెళ్లి చేయడానికి రాముడే లేకుండా పోయాడు, వెంటనే కడప జిల్లా ఒంటిమిట్టకి ఆ హోదా ఇచ్చేశారు. అక్కడ కళ్యాణం నవమి నాడు కాదు, పౌర్ణమి దగ్గర్లో రాత్రిపూట. పెళ్లికొడుకు ఒక్కడే, ఆడపెళ్లివారు మాత్రం రెండు ప్రభుత్వాలు.

మీ చుట్టాలు కూడా ఎక్కువే. బోనాలకి ఒక పళ్లెం, తిరుమల బ్రహ్మోత్సవాలకి ఒకటి, రంజాన్‌కి ఇఫ్తార్ ప్లేటు, క్రిస్మస్‌కి విందు ప్లేటు. 1976లో రాజ్యాంగ పీఠికలో సెక్యులర్ అని చేర్చారు, మనోళ్లేమో అందరి పెళ్లిళ్లకీ వెళ్లి భోంచేసి రావడమే సెక్యులర్ అనుకున్నారు.

2024 నవమికి ఎలక్షన్ కోడ్ ఉంది, గుర్తుందా? మిమ్మల్ని చీఫ్ సెక్రటరీ మోశారు. అంటే గుడికీ సర్కారుకీ మధ్య గోడ కట్టడం మనకి చేతకాక కాదు, కట్టారు, కాకపోతే మీకూ మంత్రులకీ మధ్య, అదీ కౌంటింగ్ అయ్యేదాకానే.

వచ్చే నవమికి సీఎం గారిని టికెట్ కొనుక్కుని మామూలు భక్తుల సెక్టార్‌లో కూర్చోమనండి. భక్తి ఆపుకోలేకపోతే మీ మీద బట్టలు సొంత డబ్బుతోనే కొనమనండి. రసీదు మాత్రం మర్చిపోవద్దని చెప్పండి, రాముడంతటోడే తీసుకున్నాడు.