మే నెల జాబితా, జనవరి లెక్క

ఫిబ్రవరిలో ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ ముగిసినప్పటి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో లెక్కకు వచ్చే మ్యాచ్ ఒక్కటీ ఉండదు. బంతి కదలని ఆ ఏడు నెలల్లోనే 32 జట్లకు వరుసగా ర్యాంకులు కట్టే జాబితాలు పుంఖానుపుంఖంగా వెలువడతాయి. మార్చిలో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు జట్లు మారగానే ఒకటి, ఏప్రిల్ చివర డ్రాఫ్ట్ (కళాశాల ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) కాగానే ఇంకొకటి, మేలో షెడ్యూలు రాగానే మరొకటి, జులైలో శిక్షణ శిబిరాలు తెరుచుకునేలోగా పాతవాటికి సవరణలు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ వ్యవహారమని నవ్వి ఊరుకోవచ్చు. కానీ లక్షలాది అభిమానులు తమ జట్టు పన్నెండో స్థానానికి తగినదా, పద్దెనిమిదో స్థానానికి తగినదా అని వేసవి పొడవునా తర్కించుకోవడంలో మాకు తప్పేమీ కనిపించడం లేదు. మా అభ్యంతరమల్లా, ఆ తర్కానికి పునాదిగా వారి చేతికి అందుతున్న జాబితాల తీరు మీదే.

నిరుటి సంగతి చూడండి. 2024 సీజన్‌లో 17 మ్యాచ్‌లకు నాలుగే గెలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, అదే సీజన్‌లో ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) గడప తొక్కని సియాటిల్ సీహాక్స్, 2026 ఫిబ్రవరిలో 60వ సూపర్ బౌల్‌లో ఎదురుబొదురు నిలిచాయి. సియాటిల్ 29-13తో గెలిచింది. గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడిని నడిపే ఆటగాడు) శామ్ డార్నాల్డ్‌కు లీగ్‌లో అది అయిదో జట్టు. అంతకు ముందు వేసవిలో ఈ రెండు పేర్లను పక్కపక్కన రాసి ఇదే ఫైనల్ అని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవారు దొరకడం కష్టమయ్యేది.

జోస్యం తప్పినందుకు ఎవరినీ నిందించనక్కర్లేదు. అసలీ లీగ్ నిర్మాణంలోనే ర్యాంకులను తారుమారు చేసే ఏర్పాటు ఉంది. అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దక్కుతుంది. 1994 నుంచి జీతాలకు గరిష్ఠ పరిమితి ఉంది. 2025లో అది ఒక్కో జట్టుకు 27 కోట్ల 92 లక్షల డాలర్లు కాబట్టి ఎంత సంపన్న యజమాని అయినా మేటి ఆటగాళ్లందరినీ ఒక్కచోట కూడగట్టలేడు. ప్రతి జట్టు ఆడే 17 మ్యాచ్‌లలో మూడింటి ప్రత్యర్థులను నిర్ణయించేది గత ఏడాది డివిజన్‌లో (నాలుగు జట్ల ఉపవిభాగంలో) దక్కిన స్థానమే. మొదటి స్థానంలో నిలిచినవారు మొదటివారితో, చివర నిలిచినవారు చివరివారితో తలపడతారు. 2020 నుంచి ప్లేఆఫ్స్‌కు పద్నాలుగు జట్లు వెళుతున్నాయి. ఇలాంటి లీగ్‌లో అగ్రస్థానాన ఉన్న మూడు నాలుగు జట్లను, అట్టడుగున ఉన్న మూడు నాలుగు జట్లను గుర్తించడం సాధ్యమే గానీ, నడుమ ఉన్న ఇరవై పైచిలుకు జట్లను ఒకదాని కింద ఒకటిగా పేర్చి, ఇది పదమూడోది, ఇది పద్నాలుగోది అని చెప్పడం లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపించడమే అవుతుంది.

వేసవి జాబితాలు కంటికి ఆనే మార్పులకే మార్కులు వేస్తాయి. పెద్ద పేరున్న క్వార్టర్‌బ్యాక్ వస్తే జట్టు ఎగబాకుతుంది, వెళ్లిపోతే జారుతుంది. 2022 మార్చిలో డెన్వర్ బ్రాంకోస్ జట్టు రసెల్ విల్సన్‌ను సియాటిల్ నుంచి తెచ్చుకున్నప్పుడు జరిగింది ఇదే. పదేళ్లు సియాటిల్‌ను నడిపించి, ఆ నగరానికి మొట్టమొదటి సూపర్ బౌల్ అందించిన ఆటగాడు. అతడి కోసం డెన్వర్ ముగ్గురు ఆటగాళ్లతో పాటు రెండు మొదటి రౌండ్ ఎంపికలు, రెండు రెండో రౌండ్ ఎంపికలు, పైగా ఒక అయిదో రౌండ్ ఎంపిక ఇచ్చుకుంది. డెన్వర్ ఇక సూపర్ బౌల్‌కు పోటీదారు అన్నారు, సియాటిల్ పని అయిపోయిందన్నారు. విల్సన్ తొలి మ్యాచ్ ఆడేందుకు తన పాత మైదానానికే వచ్చి 17-16తో ఓడిపోయాడు. ఆ ఏడాది డెన్వర్ అయిదు గెలిచి పన్నెండు ఓడింది. కొత్త కోచ్‌ను పదిహేను మ్యాచ్‌లకే సాగనంపారు. సియాటిల్ 9-8తో (తొమ్మిది గెలుపులు, ఎనిమిది ఓటములు) ప్లేఆఫ్స్‌కు వెళ్లింది.

కథ అక్కడితో ఆగలేదు. డెన్వర్ నుంచి దక్కిన మొదటి, రెండో రౌండ్ల నాలుగు ఎంపికలతో సియాటిల్ తీసుకున్న ఆటగాళ్లు చార్లెస్ క్రాస్, బోయే మాఫే, డెవన్ విదర్‌స్పూన్, డెరిక్ హాల్. ఈ నలుగురూ మొన్న ఫిబ్రవరిలో కప్పు ఎత్తిన జట్టులో ఉన్నారు. ఒక ఆటగాళ్ల మార్పిడి మంచిదో చెడ్డదో తేలడానికి నాలుగేళ్లు పట్టింది. దానికి ర్యాంకు మాత్రం ఆ వారంలోనే పడింది. డెన్వర్ విషయంలో తప్పు రెండోవైపూ జరిగింది. 2024లో విల్సన్‌ను వదులుకున్నప్పుడు, జట్టులో లేని ఆటగాడి పేరిట రెండేళ్లలో ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు జీతాల పరిమితిలో కోత పడినందున, ఆ జట్టు ఇప్పట్లో తేరుకోదన్న మాట గట్టిగానే వినిపించింది. కొత్త కుర్రాడు బో నిక్స్‌తో అది అదే ఏడాది పది మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది.

2023 ఏప్రిల్ చివరి వారం కూడా ఇలాంటిదే. ఆ వారంలోనే న్యూయార్క్ జెట్స్ ఆరన్ రాడ్జర్స్‌ను తెచ్చుకుంది, హ్యూస్టన్ టెక్సన్స్ డ్రాఫ్ట్‌లో సి.జె. స్ట్రౌడ్‌ను ఎంచుకుంది. వేసవంతా జాబితాలు మాట్లాడింది జెట్స్ గురించే. సెప్టెంబరు 11 రాత్రి రాడ్జర్స్ అమెరికా జెండా పట్టుకుని మైదానంలోకి పరుగెత్తుకొచ్చాడు, స్టేడియం హోరెత్తిపోయింది. అతడు ఆడిన నాలుగో బంతికే బఫలో ఆటగాడు లెనర్డ్ ఫ్లాయిడ్ పడగొట్టాడు. రాడ్జర్స్ లేచి నిలబడి, ఏదో తేడా తెలిసినవాడిలా మెల్లగా మళ్లీ నేల మీద కూర్చుండిపోయాడు. మడమ వెనుక అకిలీస్ స్నాయువు తెగింది. ఆ మ్యాచ్ జెట్స్ గెలిచింది గానీ సీజన్‌ను 7-10తో ముగించింది. అంతకు ముందటి ఏడు మూడే గెలిచిన హ్యూస్టన్, కొత్త కోచ్ డిమెకో రయాన్స్, తొలి ఏడాది కుర్రాడు స్ట్రౌడ్‌లతో పది గెలిచి డివిజన్‌ను దక్కించుకుంది. గాయాన్ని ముందుగా ఎవరూ చెప్పలేరు, నిజమే. అయితే ముప్పై తొమ్మిదేళ్ల ఆటగాడి మీద మొత్తం భారం మోపిన జట్టుకు ర్యాంకు వేసేటప్పుడు, అతడు ఆడలేకపోతే ఆ స్థానంలోకి ఎవరు వస్తారన్న ప్రశ్నకు ఒక్క వాక్యమైనా కేటాయించాలి కదా. ఆ ప్రశ్న వేసింది చాలావరకు జెట్స్ అభిమానులే.

అభిమానుల వాదన జాబితా కంటే మేలైనదని మేము అనేది ఇందుకే. జాబితా రాసేవారు 32 జట్లను చూడాలి; అభిమాని ఒక్క జట్టునే చూస్తాడు. క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసే ఎడమ వైపు గార్డుకు గత డిసెంబరులో భుజం శస్త్రచికిత్స అయిందనీ, డిఫెన్స్ వ్యూహం చూసే కోఆర్డినేటర్ వేరే జట్టుకు ప్రధాన కోచ్‌గా వెళ్లిపోయాడనీ, కిక్కర్‌కు యాభై గజాలు దాటితే నమ్మకం లేదనీ అతడికి తెలుసు. పక్షపాతం ఉంటుంది, కాదనం. ఎదుటి జట్టు అభిమాని పక్షపాతంతో ఢీకొన్నప్పుడు అది కొంతైనా అరుగుతుంది.

మిన్నెసోటా వైకింగ్స్ మీద 2023 వేసవిలో సాగిన వాదన ఇందుకు చక్కని ఉదాహరణ. 2022లో ఆ జట్టు 13 గెలిచి 4 ఓడింది. ఎనిమిది పాయింట్లు లేదా అంతకు తక్కువ తేడాతో తేలిన మ్యాచ్‌లు పదకొండు ఆడి పదకొండూ గెలిచింది. డిసెంబరు 17న ఇండియానాపొలిస్‌పై సగం ఆటకు 33-0తో వెనుకబడి, అదనపు సమయంలో 39-36తో నెగ్గింది. లీగ్ చరిత్రలో అంత లోటును పూడ్చుకుని గెలిచిన జట్టు అంతవరకు లేదు. అయినా సీజన్ మొత్తంలో వైకింగ్స్ సాధించిన పాయింట్లు 424, సమర్పించుకున్నవి 427. పదమూడు విజయాలు పదమూడే, ఒత్తిడిలో నెగ్గడం కూడా ప్రతిభేనని ఒక పక్షం. దగ్గరి మ్యాచ్‌ల అదృష్టం ఏటా నిలవదు, పాయింట్ల తేడానే నమ్మాలని మరో పక్షం. ఇంటి మైదానంలో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో ప్లేఆఫ్ ఓటమి రెండో పక్షానికి బలమిచ్చింది. 2023లో వైకింగ్స్ 7-10కి పడిపోయింది. రెండో పక్షం గెలిచినట్టే కనిపిస్తుంది గానీ, ఆ ఏడు అక్టోబరులో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌కూ అకిలీస్ స్నాయువు తెగింది కాబట్టి మొదటి పక్షం ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోదు. ఒప్పుకోవాలని మేమూ అనం. పాయింట్ల తేడా, దగ్గరి మ్యాచ్‌ల ఫలితాలు, గాయాలు ఇలా ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చి పరీక్షకు నిలిచిన చర్చ అది. ‘వైకింగ్స్: 15’ అని ఒక అంకె వేసి ఊరుకున్న జాబితాలో అందులో పిసరంతైనా కనిపించదు.

ఆగస్టులో జరిగే సన్నాహక మ్యాచ్‌లు చూసి ర్యాంకులు సవరించేవారికి మరో మాట. 2008లో డెట్రాయిట్ లయన్స్ నాలుగు సన్నాహక మ్యాచ్‌లూ గెలిచి, అసలు సీజన్‌లో పదహారుకు పదహారూ ఓడింది. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ సరిగ్గా అదే ఘనత సాధించింది.

ఇక టెక్సస్ వైపు వస్తే, డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, సాధన మైదానం ఉన్న ఫ్రిస్కో పట్టణంలోనూ, పక్కనున్న ప్లేనోలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇంట్లో పెద్దలు క్రికెట్ మాట్లాడుకుంటుంటే పిల్లలు కౌబాయ్స్ డిఫెన్స్ గురించి గొంతు పెంచే ఇళ్లు అక్కడ మామూలే. కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. అయినా వేసవి చర్చల్లో ఆ జట్టుకు దక్కినంత చోటు ఛాంపియన్లకూ దక్కదు. తిట్టేవారూ మెచ్చేవారూ సమానంగా చదువుతారు గనుక జాబితాల్లో దాని పేరు చుట్టూ మాటలు ఎక్కువ, పరిశీలన తక్కువ. 2025 ఆగస్టు 28న, సీజన్‌కు సరిగ్గా వారం ముందు, తన మేటి డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ను కౌబాయ్స్ గ్రీన్‌బే జట్టుకు ఇచ్చేసినప్పుడు వేసవంతా పేర్చిన జాబితాలన్నీ ఒక్క సాయంత్రంలో పాతబడ్డాయి. నెల తిరిగేసరికి అవే రెండు జట్లు ఆర్లింగ్టన్‌లో తలపడి 40-40తో సమంగా విడిపోయాయి. ఈ మార్పిడిలో నెగ్గిందెవరో ఆ స్కోరూ చెప్పలేదు.

జాబితాలు వద్దని మేము అనడం లేదు. 1 నుంచి 32 దాకా అంకెలు వేయడం మానేసి, నాలుగైదు శ్రేణులుగా విడదీసి, ప్రతి జట్టుకూ ఏ కారణంతో ఆ శ్రేణి ఇచ్చారో, ఏది జరిగితే ఆ అంచనా తలకిందులవుతుందో రాయాలి. ఈ జాగ్రత్త ఇప్పుడు మరింత అవసరం. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేలను అడ్డుకున్న సమాఖ్య చట్టాన్ని కొట్టివేశాక, రాష్ట్రాలు వరుసగా పందేలకు తలుపులు తెరిచాయి. జట్ల ర్యాంకులు, పందెం కంపెనీల ప్రకటనలు పక్కపక్కనే అచ్చవుతున్నాయి. పాఠకుడు సరదాగా వాదించుకోవడానికి ఇచ్చిన అభిప్రాయాన్ని డబ్బు పెట్టడానికి ఇచ్చిన సలహాగా పొరబడే ప్రమాదం అక్కడుంది. ఆ రెండింటినీ ఒకే పుటలో ఉంచకపోవడం ప్రచురణకర్తల బాధ్యత.

ఆగస్టు చివర ప్రతి జట్టూ తొంభై మందిని యాభై ముగ్గురికి కుదించాక వేసిన అంచనానే ఆ ఏటి అధికారిక జాబితాగా నిలపాలి. జనవరి మొదట్లో 17 మ్యాచ్‌ల సీజన్ ముగియగానే అదే జాబితాను, ఒక్క అక్షరం మార్చకుండా, అసలు ఫలితాల పక్కన మళ్లీ అచ్చువేయాలి. ఎవరు ఎంత తప్పారో, ఏ కారణంతో తప్పారో పాఠకులే చూసుకుంటారు. మార్చి, మే జాబితాలను మాత్రం అభిమానుల కాలక్షేపానికి వదిలేయవచ్చు.