మూడు నిద్రల శాస్త్రం

కొత్త దంపతులు అత్తారింట్లో మూడు నిద్రలు చేయడం మూఢాచారమని ఎవరైనా అంటే, వాళ్లకి అమెరికాలో పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, అంటే మెడికేర్, నిబంధనలు చూపించండి. అక్కడ పెద్దవాళ్లు ఆసుపత్రిలో వరసగా మూడు రాత్రులు ఇన్‌పేషెంటుగా నిద్ర చేస్తేనే ఆ తర్వాత నర్సింగ్ హోంలో చికిత్సకి ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్ మామూలుగా డబ్బు కడుతుంది. (నర్సింగ్ హోం అంటే మన ఊళ్లో కాన్పులు చేసే చిన్నాసుపత్రి కాదు. మంచాన పడ్డ పెద్దవాళ్లుండే చోటు.)

నిద్ర ఒక్కటే చాలదు. కాగితం మీద 'అబ్జర్వేషన్' అని రాశారంటే అదే మంచం, అదే సెలైన్, అదే చప్పిడి కూడు, కానీ మనిషి చేరినట్టు కాదు. ఉన్నాడు గానీ లేడు. ఈ సంగతి రోగికి చెప్పే కాగితం 2017 నుంచి తప్పనిసరి. దాని పొట్టి పేరు మూన్. మూడు రాత్రులు పడుకున్నందుకు చేతికి చందమామ!

గుండెపోటు, న్యుమోనియా లాంటి కొన్ని జబ్బుల్లో ఇంటికి పంపినవాళ్లు 30 రోజుల్లోపు మరీ ఎక్కువమంది తిరిగొస్తే, 2012 నుంచి ఆసుపత్రికి మెడికేర్ ఇచ్చే డబ్బులో కోత పడుతోంది. ఇప్పుడది 3 శాతం దాకా ఉంటుంది. అబ్జర్వేషన్‌లో పెడితే మాత్రం తిరిగొచ్చినట్టు లెక్క కాదు. 2018 నుంచి నర్సింగ్ హోంలకిచ్చే మెడికేర్ డబ్బులోనూ 2 శాతం పట్టి ఉంచి, మళ్లీ ఆసుపత్రి పాలైనవాళ్లెందరు లాంటి లెక్కలకి వేసిన మార్కులను బట్టి కొంత వెనక్కిస్తున్నారు. కాబట్టి జబ్బు చేయడానికి 31వ రోజు దివ్యమైన ముహూర్తం. పెద్దవాళ్లందరికీ తలో పంచాంగం ఇప్పించాలని నా విన్నపం.

అసలు తిరకాసు వేరే ఉంది. ఏళ్ల తరబడి నర్సింగ్ హోంలోనే ఉండేవాళ్లలో చాలామందికి మెడికెయిడ్ (డబ్బు లేనివాళ్లకి ప్రభుత్వమిచ్చే బీమా) తక్కువ రేటు కడుతుంది. అదే మనిషిని ఆసుపత్రికి పంపి, మూడు నిద్రలు చేయించి తెచ్చుకుంటే కొన్నాళ్లు మెడికేర్ ఎక్కువ రేటు కట్టవచ్చు. ఆషాఢంలో పుట్టింటికెళ్లిన కోడలు శ్రావణంలో సారెతో దిగినట్టు.

న్యూజెర్సీలో నర్సింగ్ హోంలో ఉన్న మా పెద్దమ్మ ఇలా రెండుసార్లు వెళ్లొచ్చింది. రెండూ శుక్రవారం సాయంత్రాలే. ఆవిణ్ణి ఎన్నడూ చూడని డాక్టరు ఫోన్‌లోనే "ఈఆర్‌కి పంపేయండి" అన్నాడు, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీకి. అక్కడ తేలింది ఒంట్లో నీరు తగ్గడం, యూరిన్ ఇన్ఫెక్షన్. వెళ్లిన మందుల చీటీ ఒకటి, తిరిగొచ్చింది ఇంకొకటి.

మూడో శుక్రవారం ఒక ఆయా మంచం పక్కనున్న కప్పు చూసింది. పొద్దున పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. ఇలాంటి మార్పులు రాయడానికి 'స్టాప్ అండ్ వాచ్' అనే కాగితం ఉంటుంది. అందులో 'తక్కువ తాగారు' అన్న చోట గీత పెట్టి, నాకు ఫోన్ కలిపింది.

"ఐసు గడ్డలేసిన నీళ్లు ఎలా తాగుతార్రా? గొంతు పట్టేస్తుంది. వాళ్లడిగితే ఓకే ఓకే అంటున్నా" అంది పెద్దమ్మ.

ఆయా కప్పు మీద ప్లాస్టర్ ముక్క అంటించి 'నో ఐస్' అని రాసింది. గోరువెచ్చటి నీళ్లు తెచ్చి, దగ్గర నిలబడి తాగించింది. రెండు నెలలైంది, పెద్దమ్మ అంబులెన్స్ ఎక్కలేదు. సారె కోసం వీధి వైపు చూస్తున్న అత్తగారికి ఇదెంత తలవంపులో ఆలోచించండి.