సవరణ: బార్డియాను పట్టుకున్నది నాలుగో భారత డివిజన్ కాదు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పక్షాన పోరాడిన నాలుగో భారత పదాతి డివిజన్ గురించిన నా వెనుకటి వ్యాసంలో, 1941 జనవరిలో లిబియాలోని బార్డియా పట్టణాన్ని పట్టుకున్నది ఆ డివిజనేనని రాయడం పొరపాటు. 1940 డిసెంబరు 9న మొదలైన దాడిలో ఈజిప్టులోని నిబేవా శిబిరాన్ని, ఆ వెంటనే సిదీ బరానీని ఇటాలియన్ల నుంచి స్వాధీనం చేసుకోవడంలో అది ముందుండి పోరాడిన మాట నిజమే గాని, ఆ గెలుపు వేడి చల్లారకముందే బ్రిటిష్ సేనాధిపతి వేవెల్ దానిని సూడాన్‌కు తరలించారు; బార్డియాను పట్టుకున్నది దాని స్థానంలోకి వచ్చిన ఆరో ఆస్ట్రేలియన్ డివిజన్. దాడిని నడిపిస్తున్న ఓకానర్‌కు ఈ నిర్ణయం మింగుడుపడలేదు, అది సహజమే. సూడాన్ నుంచి, ఇటాలియన్ల ఏలుబడిలో ఉన్న ఎరిత్రియాలో ప్రవేశించిన నాలుగో డివిజన్, ఐదో భారత డివిజన్‌తో కలిసి వారాల తరబడి కొండలెక్కి పోరాడిన తరువాతనే, 1941 మార్చి 27న కెరెన్ పట్టణం చేజిక్కింది.