ఉగాదికి గోంగూర నారు ఆపి బ్యాంక్సియా ఇవ్వండి

మన ఉగాది ఫంక్షన్లలో ఒక మంచి అలవాటు ఉంది, పచ్చడి తిని పంచాంగం విని పిల్లల డాన్సులు చూసి బయటికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర టేబుల్ మీద చిన్న చిన్న కప్పుల్లో గోంగూర నారు, కరివేపాకు పిలకలు పెట్టి ఇంటికి తీసుకెళ్ళమంటారు. ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే, నేనేం కాదనను. కానీ మనం ఉండేది మెల్‌బోర్న్ కదండీ. ఊళ్ళో ఉగాది అంటే వేపపూత, మామిడి పిందెలు, ఎండలు మొదలు. ఇక్కడ ఉగాది వచ్చేది మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో, అంటే ఆకులు రాలే కాలం, ఇంకో నెల పోతే రాత్రిళ్ళు హీటర్ వేసుకోవాలి. గోంగూరకేమో వేడి కావాలి. ఏప్రిల్‌లో పెట్టిన నారు జూన్‌కి మిగలదు, ఇది అందరికీ తెలుసు, అయినా ప్రతి ఏడాదీ ఇస్తాం తీసుకుంటాం.

అదే ఏప్రిల్, మే నెలలు ఇక్కడి మొక్కలు నాటడానికి మాత్రం బ్రహ్మాండమైన టైమ్. మట్టిలో ఇంకా వెచ్చదనం ఉంటుంది, వానలు మొదలవుతాయి, చలికాలమంతా వేరు కిందికి దిగి మళ్ళీ ఎండలొచ్చేసరికి మొక్క నిలదొక్కుకుంటుంది. అందుకే అంటున్నా, ఆ టేబుల్ మీద ఇంటికో బ్యాంక్సియా మొక్క పెట్టండి అని. గోంగూర విత్తనాలు అక్టోబర్‌లో ఇద్దురుగాని, దసరా ఫంక్షన్ ఎటూ ఉంది.

బ్యాంక్సియా తెలీనివాళ్ళు ఎవరూ లేరిక్కడ, పేరు తెలీకపోవచ్చు అంతే. బీచ్ రోడ్ వెంట బిరుసాకులతో, మొక్కజొన్న పొత్తు నిలబెట్టినట్టు పసుప్పచ్చ పూలతో కనిపించే చెట్టు అదే. ఒక్క పువ్వు అనుకునేది నిజానికి వందల కొద్దీ చిన్న పూల గుత్తి. మొత్తం 170 దాకా రకాలున్నాయి, న్యూగినీ వైపు కూడా పెరిగే ఒక్కటి తప్ప మిగతావన్నీ ఆస్ట్రేలియాలోనే పుట్టి పెరిగినవి, అందులోనూ ఎక్కువ భాగం పెర్త్, ఆల్బనీ ఉన్న నైరుతి మూల. 1770లో కెప్టెన్ కుక్ ఓడలో వచ్చిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఇప్పటి సిడ్నీలోని బోటనీ బే దగ్గర కోసుకెళ్ళాడు కాబట్టి ఆయన పేరు పెట్టారు, ఆయన రాకముందు వేల ఏళ్ళ నుంచి ఇక్కడి ఆదివాసీలు ఆ పూలని నీళ్ళల్లో నానబెట్టి తియ్యటి పానకం చేసుకుని తాగేవాళ్ళు. మనకి అంత పరాయి కుటుంబం కూడా కాదు లెండి, అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచి మిరియం తీగ పాకిస్తారే సిల్వర్ ఓక్, అది ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి మన కొండలకి వచ్చిందే, బ్యాంక్సియాకి దగ్గర చుట్టం.

సరే, అసలు విషయానికొస్తా. మన తెలుగువాళ్ళ పెరట్లో బ్యాంక్సియా ఎందుకు బతకదో నాకు బాగా తెలుసు, అశ్రద్ధ వల్ల కాదు, ఎక్కువ శ్రద్ధ వల్ల! మనలో సగం మంది వ్యవసాయం ఇళ్ళ నుంచి వచ్చినోళ్ళం, మొక్క కనబడితే ఏదో ఒకటి వెయ్యాలి పొయ్యాలి అని చేతులు దురద పెడతాయి. మా మామయ్యగారు గుంటూరు దగ్గర మిర్చి వేసిన మనిషి, విజిట్ వీసా మీద వచ్చినప్పుడు పెరట్లో తిరిగి తిరిగి "ఎరువు వెయ్యకుండా మొక్క ఎట్టా బతుకుద్ది అమ్మాయ్, రెండు గుప్పిళ్ళు కోళ్ళ ఎరువన్నా చల్లు" అనేవారు. "ఇది అట్టాంటి మొక్క కాదు మామయ్యగారూ" అంటే నమ్మరు, ఆయన నలభై ఏళ్ళ అనుభవం ముందు నేనెంత.

కానీ కారణం చెప్తే ఆయనకే చప్పున అర్థమైంది, ఎందుకంటే డీఏపీ కట్టలు మోసిన మనిషి. కట్ట మీద 18-46-0 అని ఉంటుంది చూడండి, ఆ మధ్య అంకె భాస్వరం. ఆస్ట్రేలియాలో చాలా చోట్ల మట్టి కోట్ల ఏళ్ళ పాతది, వానలకి కడుక్కుపోయి కడుక్కుపోయి భాస్వరం అడుగంటింది. అట్టాంటి నేలలో బతకడానికి బ్యాంక్సియా ఒక ఏర్పాటు చేసుకుంది, పైమట్టిలో సన్నటి వేళ్ళు కుచ్చులు కుచ్చులుగా వేసి వాటి నుంచి ఆమ్లాలు వదిలి మట్టికి అంటుకుపోయిన భాస్వరాన్ని కరిగించి లాక్కుంటుంది. లాక్కోవడమే తెలుసు దానికి, చాలు అని ఆపడం సరిగ్గా రాదు. అందుకని మనం డీఏపీ లాంటిదో కోళ్ళ ఎరువో ఎముకల పొడో వేస్తే దొరికిందంతా తాగేసి ఆకుల్లో నింపుకుంటుంది, ఆకులు పసుపెక్కుతాయి, అంచులు మాడతాయి, అయ్యో బలం చాలట్లేదేమో అని మనం ఇంకో గుప్పెడు వేస్తాం. అయిపోయింది ఇక.

కాబట్టి రూల్ ఒకటే, దాని దగ్గరికి ఎరువు తీసుకెళ్ళొద్దు. మరీ మనసు ఊరుకోకపోతే నేటివ్ మొక్కలకని, అంటే ఈ దేశపు మొక్కలకని అమ్మేది, భాస్వరం 2 శాతం దాటనిది, నిదానంగా కరిగేది, చిటికెడు. పశువుల ఎరువు, కంపోస్టు, బియ్యం కడిగిన నీళ్ళు అన్నీ కరివేపాకుకి పెట్టుకోండి, అది సంతోషంగా తాగుతుంది. లాన్‌కి చల్లే ఎరువు కూడా చూసుకోవాలి, గడ్డి పక్కనే మొక్క ఉంటే వానకి అటే కొట్టుకొస్తుంది. వాషింగ్ మెషిన్ నీళ్ళు తోటకి మళ్ళించేవాళ్ళు పౌడర్ డబ్బా మీద ఎన్‌పీ అనే గుర్తు ఉందో లేదో చూడండి, భాస్వరం కలపలేదని అర్థం.

ఇక మట్టి. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్ వైపు ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మన నల్లరేగడి లాంటిదే, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వానాకాలం బూటుకి అంటుకుని వదలదు. పైగా ఎస్టేట్ ఇళ్ళల్లో ఉన్న మంచి మట్టి గీకేసి నాలుగు వేళ్ళ మందాన ఏదో పోసి పైన గడ్డి పరుస్తారు. బ్యాంక్సియాకి నీళ్ళు నిలిస్తే పడదు, వేరుకుళ్ళు తెగులు ఫైటోఫ్తొరా పట్టుకుంటే పైకి బాగానే ఉన్న చెట్టు చూస్తుండగానే ఎండిపోతుంది. గొయ్యి తవ్వి అందులో మంచి మట్టి నింపడం తప్పు, బంకమట్టిలో అది నీళ్ళ కుండీ అయిపోతుంది. ఒక అడుగు ఎత్తున మట్టి దిబ్బ చేసి దాని మీద నాటండి, ఎండ బాగా తగిలే చోట. వేళ్ళు కదపకుండా కుండీలోంచి తీసి పెట్టి మళ్ళీ చుట్టూ తవ్వొద్దు, ఆ కుచ్చు వేళ్ళు పైపైనే ఉంటాయి కదా. చెక్క ముక్కల మల్చ్ పరవండి కానీ కాండానికి ఆనించకండి. మొదటి రెండు ఎండాకాలాలు వారానికోసారి నిండుగా నీళ్ళు, రోజూ పైపైన చిలకరించడం వద్దు. మూడో ఏడు నుంచి మామూలుగా దాని పని అదే చూసుకుంటుంది.

రకం ఎంచుకోవడంలోనే సగం గెలుపు ఉంది. నర్సరీలో ఎర్రగా ముద్దుగా ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియా రకాలు చూసి మోసపోవద్దు, వాటికి ఇసుక నేల కావాలి, పెర్త్‌లో ఉన్న మనవాళ్ళు అదృష్టవంతులు. మన వైపు సిల్వర్ బ్యాంక్సియా పెట్టండి, బ్యాంక్సియా మార్జినాటా అని లేబుల్ మీద ఉంటుంది, ఆకు వెనక తెల్లగా మెరుస్తుంది. ఈ బంకమట్టి మైదానాల్లో ఒకప్పుడు చెట్లు చెట్లుగా ఉండేదట, గొర్రెల మేతకి, పొలాలకి కొట్టేశాక దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు దాని చోట మన ఇళ్ళు వచ్చాయి, అందుకే ఇది మనం పెట్టాల్సిన మొక్క అని నాకనిపిస్తుంది. చిన్న జాగా అయితే బర్త్‌డే క్యాండిల్స్ అనే పొట్టి రకం, అడుగున్నర ఎత్తు, కుండీలో కూడా పెరుగుతుంది. కోస్ట్ బ్యాంక్సియా మాత్రం నాలుగు వందల చదరపు మీటర్ల స్థలంలో వద్దు, పెద్ద చెట్టవుద్ది, పక్కింటోళ్ళతో గొడవ. పూత అయ్యాక చివర్లు కొద్దిగా తుంచితే గుబురుగా వస్తుంది, ఆకుల్లేని మోడు దాకా నరికితే చాలా రకాలు మళ్ళీ చిగురు వెయ్యవు.

ఇంకో లాభం చెప్తా. వీటిలో చాలా రకాలు పూసేది ఇక్కడి ఆకులు రాలే కాలం, చలికాలంలో. మన గులాబీలు, బంతి అన్నీ పడుకున్నప్పుడు ఇది పూస్తుంది, తేనె కోసం వాటిల్‌బర్డ్‌లు వచ్చి గొంతు సవరించుకుంటున్నట్టు అరుస్తాయి పొద్దున్నే (మా ఆయనకి ఇది లాభం కాదు). శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పూల ధరలు చూస్తే గుండె ఆగుతుంది కదా, నేనైతే నా చెట్టు పూలు రెండు కోసి అమ్మవారి దగ్గర పెడతా. శాస్త్రంలో ఉందా అని ఒకరిద్దరు అడిగారు, శాస్త్రంలో సూపర్‌మార్కెట్ కార్నేషన్ ఉందా అని అడిగా. పార్కుల్లో, అడవిలో మాత్రం కొయ్యకండి, ఫైన్ పడుద్ది. పాములొస్తాయని భయపడేవాళ్ళకి, పాము వచ్చేది ఎలకల కోసం, చెట్టు కింద చెత్త పేర్చకుండా ఉంటే చాలు.

కమిటీ వాళ్ళకి నా మనవి, గోంగూర తీసెయ్యమని కాదు, కాలం మార్చమని. చిన్న ట్యూబుల్లో అమ్మే నేటివ్ మొక్కలు ఒక్కోటి నాలుగైదు డాలర్లే, కొన్ని కౌన్సిళ్ళు ఉచితంగా కూడా ఇస్తాయి. ఎన్ని కావాలో ముందే నర్సరీకి చెప్పాలి, మార్చిలో ఫోన్ చేస్తే దొరకవు, ఆర్డర్ ముందటి స్ప్రింగ్‌లోనే, అంటే ఇక్కడి సెప్టెంబర్-నవంబర్‌లోనే పెట్టెయ్యాలి. మొక్కతో పాటు తెలుగులో ఒక చీటీ కట్టండి, పెద్దక్షరాల్లో "ఎరువు వెయ్యొద్దు" అని, ఆ చీటీ ఇంటికొచ్చిన అమ్మానాన్నలకి, అత్తమామలకి కనబడేటట్టు మొక్క పక్కనే గుచ్చమనండి. రాసే పని మా మామయ్యగారికి అప్పజెప్పండి, ఆయన చెప్తే వింటారు.