ఆ ఫైలు డిస్నీలో ఎవరూ అడగరు

అమెరికాలోని ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్లేవాళ్లు పిల్లాడి ఆటిజం రిపోర్టులన్నీ ఫైలు కట్టి తీసుకెళ్లాలని మీ వ్యాసంలో రాశారు. అక్కడ ఆ ఫైలు ఎవరూ అడగరండీ. క్యూలో నిలబడలేనివాళ్లు బయట వేచి ఉండేలా ఇచ్చే ‘డీఏఎస్’ (డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్) అనే సౌకర్యం కోసం బయల్దేరకముందే వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడుకుంటే మంచిది. పిల్లాడు కూడా కాల్‌లో కనబడాలి. వాళ్లు అడిగేది జబ్బు పేరు కాదు, మామూలు క్యూలో ఎందుకు నిలబడలేడు అని.

మావాడి కోసం చేసిన కాల్‌లో నేను మొహమాటంగా ‘కొంచెం ఇబ్బంది పడతాడు’ అన్నాను. బిడ్డ సంగతి బయటివాళ్ల దగ్గర తగ్గించి చెప్పడం మనకి అలవాటేగా! మా ఆయన అందుకుని, ‘పది నిమిషాలు దాటితే చెవులు మూసుకుని నేలమీద పడుకుంటాడు, లేదంటే అందరినీ తోసుకుంటూ బయటికి పరిగెడతాడు’ అని ఉన్నదున్నట్టు చెప్పారు. అప్పుడు పనైంది.

ఇది క్యూ ఎగ్గొట్టే పాస్ కూడా కాదు. రైడ్ దగ్గర గంట వెయిటింగ్ ఉంటే, దాదాపు గంట తర్వాత రమ్మని టైమ్ ఇస్తారు. ఆ గంటసేపు మావాడు నీడలో కూర్చుని వాటర్ బాటిల్ మూత తిప్పుతూనే ఉన్నాడు, ఏ టెన్షన్ లేకుండా.

2024 మేలో రూల్స్ బాగా బిగించారు. ఇప్పుడు ముఖ్యంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్నవాళ్లకే ఇస్తున్నారు. ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ అనే మరో థీమ్ పార్కులో ఇది చెల్లదు. దానికి ఐబీసీసీఈఎస్ అనే సంస్థ ఇచ్చే యాక్సెసిబిలిటీ కార్డు కోసం ముందే ఆన్‌లైన్‌లో విడిగా అప్లై చేసుకోవాలి. మీరు చెప్పిన ఫైలు పనికొచ్చేది అక్కడే.